ముల్లు పోయి అంకెలొచ్చిన కారు

మా కారు స్పీడోమీటరులో ముల్లు నలభై దగ్గర ఆగిపోయి ఏడేళ్ళు దాటింది. కారు షెడ్డులో నిలబడి ఉన్నా నలభైయే, తెన్‌కాశి రోడ్డు మీద లారీని దాటుతున్నా నలభైయే. ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. మా ఆయనకు ముల్లుతో పని ఉండేది కాదు. ముప్పై నాలుగేళ్ళు రాజపాళయంలో నూలు మిల్లులో ఫిట్టరుగా చేసిన మనిషి ఆయన. నూలు వడికే స్పిన్నింగు విభాగం గుమ్మం దగ్గర నిలబడి, లోపల తిరుగుతున్న వందల కదుళ్ళలో ఏదో ఒకదాని టేపు వదులైందని, అది మందకొడిగా తిరుగుతోందని మోతను బట్టి చెప్పేవారు. వెళ్ళి చూస్తే అలాగే ఉండేది. కారునూ అలాగే నడిపేవారు. ఇంజను గొంతు వింటే చాలు, ఎంత వేగంలో పోతున్నామో ఆయనకు తెలిసేది.

పెళ్ళికి ముందు రెండేళ్ళు నేనూ అదే మిల్లులో నూలును కోన్లకు చుట్టే కోన్ వైండింగులో పని చేశాను. ఆ మోతలో గొంతు పనికిరాదు. పెదాలు కదిపితే అవతలివాళ్ళు చూసి అర్థం చేసుకుంటారు, అంతే. కొత్తగా చేరినవాళ్ళు వారం పాటు అరిచి గొంతు పోగొట్టుకుని ఆ తర్వాత నేర్చుకుంటారు. నేర్చుకున్నాక ఇంటికి వచ్చినా ఆ అలవాటు పోదు. మా వీధిలో సగం మంది మాట్లాడేవాళ్ళ ముఖంలోకి చూస్తూనే వింటారు. మా ఆయన నేను నోరు తెరిస్తే చాలు, చేతిలో పని ఆపి ఇటు తిరిగేవారు. ఇంత శ్రద్ధగా వినే మొగుడు ఎవరికుంటాడని కొత్తలో మురిసిపోయాను. అంత శ్రద్ధగా వినీ తను అనుకున్నదే చేస్తారని కొన్నాళ్ళకు తెలిసింది.

రిటైరయ్యాక ఆయనకు మిగిలింది ఈ పాత కారు, సత్రపట్టి దారిలో ఉన్న చిన్న కొబ్బరి తోట. పొద్దున్నే టిఫిను తిని కారు తీసి తోటకు పోవడం, మధ్యాహ్నానికి తిరిగి రావడం. గురువారం మాత్రం నన్ను తళవాయిపురం తీసుకెళ్ళేవారు, అక్కడ మా అక్క మంచం పట్టి ఉంది. తోటలో ఆయన చేసే పని పెద్దగా ఏమీ లేదని నాకు తెలుసు. నీళ్ళు కట్టేందుకు మనిషి ఉన్నాడు. కారు నడిపి ఒక చోటికి పోవాలి, అక్కడినుంచి మళ్ళీ రావాలి, అదే ఆయనకు కావలసింది. అది కూడా లేకపోతే ఈ మనిషి వసారాలో కుర్చీకి అతుక్కుపోతారని నాకు భయంగా ఉండేది.

రెండేళ్ళ కిందట తేడా మొదలైంది. రెండో గేరులోనే కారు గీపెట్టుకుంటూ పోతుంటే ఆయన తీరిగ్గా కూర్చునేవారు. ఒక్కోసారి బజారులో కూడా బస్సుతో పోటీ పడ్డట్టు పోయేవారు. మా అబ్బాయి సత్రపట్టిలో ఆసుపత్రి కట్టుగుడ్డ తయారుచేసే కంపెనీ ఆఫీసులో పని చేస్తాడు. స్కూలు బస్సు ఆగి పిల్లలు దిగుతున్న చోట వాళ్ళ నాన్న కారు ఏమాత్రం తగ్గకుండా దూసుకుపోవడం వాడు కళ్ళారా చూశాడు. ఆ సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాడు.

"నాయనా, మీరు ఇంక బండి ఓట్టొద్దు. తోటకు నేను దిగబెట్టి ఆఫీసుకు పోతాను."

బండి నడపొద్దనగానే, ముల్లు పనిచేయని బండిలో ఎంత స్పీడు పోతున్నామో ఎవరికి తెలుస్తుందని ఆయన అడిగారు. ఆయనకంటే ముందు నేనే ఎగిరి పడ్డాను. మీటరు బాగు చేయించని తప్పు కొడుకుది, నింద తండ్రి మీదా అని వాణ్ణి దులిపేశాను. ఈ ఇంట్లో నా నోటికి అడ్డం లేదు, దానివల్ల జరిగిన మేలు మాత్రం ఇప్పటికీ ఒక్కటీ లెక్కకు రాదు. చివరికి ఆయనే తాళంచెవి పందెం పెట్టి ఒక మాట అన్నారు.

"కొత్త మీటరు పెట్టిస్తాను. అది పెట్టినాక కూడా నేను తప్పు చేస్తే, కారు సావి నేనే నీ చేతికి ఇచ్చేస్తాను. నువ్వు అడగబళ్ళేదు."

పాత మీటరు ఎక్కడా దొరకలేదు. గేరుపెట్టె నుంచి మీటరు దాకా వచ్చే వైరు లోపల తెగిందని, వైరు మార్చినా లోపలి పళ్ళు అరిగిపోయాయని కార్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్ చెప్పాడు. నలభై ఏళ్ళుంటాయి అతనికి, మాట నెమ్మది. మదురై దాకా మనిషిని పంపి వెతికించాడు. ఆ మోడలు సామాను ఇప్పుడు ఎవరూ పెట్టుకోవడం లేదట. అందుకని అంకెలు చూపించే మీటరు తెప్పించాడు. దానికి వైరు అక్కర్లేదు, శాటిలైటుతో లెక్క చూసుకుంటుందట. పాత గుండ్రటి కంతకు అది చిన్నదైంది. చుట్టూ నల్లటి రబ్బరు వలయం కోసి, పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా కూర్చుని బిగించాడు. పాత మీటరును కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. ముల్లు అప్పటికీ నలభై మీదే ఉంది.

యాభై దాటితే కొత్త మీటరు కూస్తుంది. ఆ ఏర్పాటు మా అబ్బాయి అడిగి పెట్టించాడు. ఎలక్ట్రీషియన్ బొత్తాం నొక్కి కూయించి చూపించాడు. సన్నగా, సూదిలా ఉందా శబ్దం. పక్క కొట్టులో ఉన్నవాళ్ళు కూడా తల తిప్పి చూశారు. వినిపించిందా అయ్యా అని ఆయన ముఖంలోకి చూసి అడిగాడు ఎలక్ట్రీషియన్. మా ఆయన తల ఊపారు.

మొదటి నాలుగు రోజులు ఇంట్లో పండగే. ముప్పై రెండులో పోయినాను, నలభై ఒకటి దాటలేదు అని వచ్చి చెప్పేవారు. మార్కులు చెప్పే పిల్లవాడి ముఖం. మా అబ్బాయి ముందు కాలు మీద కాలేసుకుని మరీ చెప్పేవారు. ఆయన మాట నిలబడిందని నాకు గర్వంగా ఉండేది.

గురువారం తళవాయిపురం బయలుదేరాం. ఊరు దాటి రోడ్డు ఖాళీ కాగానే మీటరు కూసింది. ఆయన తగ్గించలేదు. అది కూస్తూనే ఉంది. పంతానికి పోతున్నారనుకున్నాను. నాకు కోపం వచ్చింది.

"కూస్తా ఉందే, వినబళ్ళేదా మీకు? కొడుకు పెట్టించినాడని దాని మాట వినకూడదా?"

ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. ఇంకో రెండు మాటలు గట్టిగానే అన్నాను. కొంతసేపటికి ఎందుకో అంకెల వైపు చూసి, అరవై రెండు ఉండడం చూసి, తనంతట తానే కాలు తీశారు. కూత ఆగింది. అప్పుడు నా వైపు తిరిగారు. ముఖంలో పంతం లేదు, కోపం లేదు.

"ఏమే, ఏమన్నా చెప్పినావా?"

ఏమీ లేదన్నాను. అక్క ఇంటికి పోయి కూర్చున్నా ఆమె చెప్పేది ఒక్కటీ నా బుర్రకెక్కలేదు.

మర్నాడు పొద్దున ఆయన వసారాలో ఉంటే ఎదురుగా నిలబడి, గొంతు పెగలనివ్వకుండా, పెదాలు మాత్రం కదిపి కాఫీ ఇవ్వనా అని అడిగాను. "ఇయ్యి, చక్కెర తక్కువ వెయ్యి" అన్నారు. కాఫీ తెచ్చిచ్చి, ఆయన పేపరు విప్పాక వెనక్కి పోయి నిలబడ్డాను. మీ కారు అమ్మేసినాం అన్నాను, మామూలుగా మాట్లాడే గొంతుతో. ఆయన పేజీ తిప్పారు.

వంటింట్లోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చాను. ఎన్నేళ్ళుగా ఈ మనిషికి నా గొంతు చేరడం లేదో నాకు తెలియదు. ముఖం చూసి జవాబు చెబుతుంటే వింటున్నారనుకున్నాను. మిల్లు అలవాటు గదా అనుకున్నాం అందరం. పేరు పెట్టి పిలిస్తే పలకనప్పుడు పరధ్యానం అన్నాం. ఇంజను అరుస్తుంటే మీటరును తిట్టాం. పక్కనే పడుకునే నాకు తెలియలేదంటే ఇంకెవరిని అనాలి.

చెప్పేయాల్సింది. చెబితే తాళంచెవి పోతుంది. చెవి డాక్టరు గురించి ఆలోచించకపోలేదు. ఆయనతో పనిచేసిన ఇద్దరు చెవుల్లో మిషన్లు పెట్టించుకున్నారు. మోత పెద్దదైంది గానీ మాట మాత్రం తెలియడం లేదని ఇద్దరూ వాటిని డబ్బాల్లో పెట్టేశారు. వాళ్ళను చూసి మా ఆయన నవ్వేవారు. ఆ నవ్వు గుర్తొచ్చి నేను నోరు విప్పలేకపోయాను. నా నోరు జీవితంలో మొదటిసారి మూతపడింది, అదీ మూయకూడని చోట.

తోట చూడాలని ఉందని చెప్పి రోజూ కారెక్కడం మొదలుపెట్టాను. మీటరు కూస్తే ఏదో సర్దుకుంటున్నట్టు ఆయన మోకాలి మీద చెయ్యి వేసేదాన్ని. వెనక బస్సు హారను కొడితే ఎడమ పక్కకు చూడమని చెయ్యి చూపించేదాన్ని, అటు చూస్తూ ఆయన ఎడమకు జరిగేవారు. ముసలితనంలో పెళ్ళానికి ప్రేమ పొంగుతోందని ఎగతాళి చేశారు. నేనూ నవ్వాను. నాకు జ్వరం వచ్చిన రోజు, ఇంటికి చుట్టాలు వచ్చిన రోజు ఒక్కరే పోయారు. ఆ రోజుల్లో కారు గేటులోకి వచ్చేదాకా నేను గుమ్మం వదలలేదు. రెండు నెలలు అలా నడిపించాను. మీటరు వచ్చాక నాయన బాగా ఓట్టుతున్నాడని మా అబ్బాయి సంతోషించాడు.

ఒక గురువారం అక్కకు ఒళ్ళు తుడిచి, పక్క మార్చి అలిసిపోయి ఉన్నాను. తిరిగి వస్తుంటే కారులో కునుకు పట్టింది. హారను చప్పుడుకు మెలకువ వచ్చింది. వెనకనుంచి ఎవరో ఆపకుండా కొడుతున్నారు. నేను చెయ్యి ఎత్తేలోపే, ఎదురుగా రోడ్డు పక్కన మేస్తున్న మేకల్ని తప్పించడానికి ఆయన కారును కుడికి తిప్పారు. అప్పటికే మా కుడి పక్కకు వచ్చేసిన మోటారు సైకిలు రోడ్డు దిగి ముళ్ళ కంపలో పడింది.

పడ్డవాడు లేచాడు. దేవుడి దయ, మోచెయ్యి గీరుకుపోయింది, అంతకంటే ఏమీ కాలేదు. దుమ్ముకని ముక్కూ నోరూ కప్పుతూ తుండుగుడ్డ కట్టుకుని ఉన్నాడు. దాన్ని విప్పకుండానే మా ఆయన మీదికి వచ్చాడు.

"ఎవ్వళవు నేరం హారన్ అడిక్కిరేన్, కాదు కేక్కాదా?"

ఎంతసేపు హారను కొట్టాలి, చెవులు వినిపించవా అని తమిళంలో. ఆ తర్వాత అన్న మాటలు ఇక్కడ రాయను. ఆ గుడ్డ వెనక పెదాలు కనిపించలేదు. మా ఆయన అతని కళ్ళలోకి చూశారు. పడిపోయినందుకు వాడు క్షమాపణ చెబుతున్నాడనుకున్నారో ఏమో, చిన్నగా నవ్వారు. అతని భుజం తట్టి, పరవాలేదులే తమ్ముడూ అన్నట్టు, "పరవాయిల్లె తంబి, పో" అన్నారు.

అతను తిట్టడం ఆపేశాడు. ఆయన వైపు చూసి, నా వైపు చూశాడు. నేను చేతులు జోడించాను. అతను బండి లేపుకుని వెళ్ళిపోయాడు. ఆ నిమిషంలో నాకు కలిగిన సిగ్గు ఎలాంటిదంటే, ఆ ముళ్ళలో నేను పడి ఉన్నా బాగుండేది.

ఆయన కారులో కూర్చుని తాళం తిప్పబోయి ఆగారు.

"వాడు ఏం చెప్పినాడు?"

ఏదో ఒక అబద్ధం చెప్పాలని పెదాలు తెరిచాను. ఆయన నా పెదాలనే చూస్తున్నారు. ఆ చూపు ముందు అబద్ధం రాలేదు.

"హారన్ కొట్టినాడంట. శానాసేపు కొట్టినాడంట."

"నువ్వు విన్నావా?"

విన్నానన్నాను.

ఆయన మీటరు వైపు వేలు చూపించారు. అది కూస్తుందన్నారే, కూస్తుందా నిజంగా అని అడిగారు. రోజూ కూస్తుందని చెప్పాను. ఆయన మోకాలి వైపు చూసుకున్నారు, నేను చెయ్యి వేసే చోటు. మనిషి తెలివైనవారు, అన్నీ కూడుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఎన్ని దినాలుగా తెలుసు నీకు?"

"రెండు నెలలు."

"స్కూలు పిల్లలు దిగే రోడ్డులో, నన్ను రెండు నెలలు ఓట్టనిచ్చినావు."

తాళంచెవి తీసి నా ఒళ్ళో పెట్టి కారు దిగారు. అబ్బాయికి నేనే ఫోను చేశాను. వాడు వచ్చేదాకా ఆయన కారుకు వీపు ఆనించి, పొలాల వైపు తిరిగి నిలబడ్డారు. మీకోసమే చెప్పలేదన్నాను. మీరు కుర్చీలో కూలబడితే చూడలేననుకున్నానన్నాను. తప్పేనన్నాను. అన్నీ ఆయన వీపుకే చెప్పాను. చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్ళి నిలబడితే తల పక్కకు తిప్పుకున్నారు.

అది జరిగి ఆరు నెలలైంది. కారు షెడ్డులో ఉంది. గురువారాలు నేను బస్సులో పోయి అక్కను చూసి వస్తున్నాను. అబ్బాయి మాట్లాడితే ఆయన వాడి ముఖంలోకి చూసి జవాబు చెబుతారు, చుట్టాలు వస్తే వాళ్ళతో బాగానే మాట్లాడతారు. నేను అన్నం వడ్డిస్తే తల వంచుకుని తింటారు. పక్కన కూర్చుని అక్క సంగతీ, తోట సంగతీ రోజూ చెబుతూనే ఉన్నాను. ఆయన కళ్ళెత్తి చూడరు.