దవాఖానా గడపలు

ఇప్పటికీ ఆ గడపలు గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తొంభైలలో ఖమ్మంలో ఒక ఇంజినీరు ఆఫీసులో కంప్యూటర్ మీద ప్లాన్లు గీసేవాణ్ణి. తలుపు బొమ్మ ఒక్కసారి గీసి దాచుకుంటే కావలసిన చోటల్లా దాన్నే పెట్టుకోవచ్చు. దాన్ని బ్లాక్ అనేవాళ్లం. నా తలుపు బ్లాకులో ద్వారబంధం మరో బ్లాకు, దాని లోపల గడప ఇంకో బ్లాకు. ఇళ్ల కోసం చేసుకున్నది. గడప లేని ఇంటిని మా వైపు ఎవరు ఒప్పుకుంటారు?

భద్రాచలం అడవి అంచున దవాఖానాకు ప్లాన్ గీసింది కూడా నేనే. కట్టాక చూడ్డానికి వెళ్లాను. కాలు విరిగిన ముసలమ్మను స్ట్రెచర్ మీద తోసుకొస్తున్నారు. ప్రతి గడప దగ్గరా ఎత్తి దించుతుంటే ఆమె కేకలు పెడుతోంది. పైగా గడపలన్నిటికీ పసుపూ, బొట్లూ!

అక్కడే మిగిలిన పనులు చేయిస్తున్న మేస్త్రీ మీద విరుచుకుపడ్డాను. "బుద్ధుందా? దవాఖానాకు గడపలు ఏంది?"

అతను ప్లాను తెచ్చి పరిచాడు. "మీరు గీసిందే కట్టిన సార్. కంప్యూటర్ల గీసిండ్రు గదా, తప్పెట్లుంటదని ఊకున్న."

ఇళ్ల తలుపు బ్లాకునే పెట్టి, స్ట్రెచర్ పట్టేలా వెడల్పు పెంచానే గాని, లోపలి గడప బ్లాకు తెరిచి చూడలేదు నేను. ఆఫీసుకొచ్చి పళ్లు కొరుకుతూ ఒక్క గడప చెరిపాను. అన్ని తలుపుల్లోనూ క్షణంలో మాయమైంది.

మర్నాడు కొత్త ప్లానుతో అక్కడికి వెళ్లేసరికి మేస్త్రీ ఒక్కొక్క గడపకూ దండం పెట్టుకుని, సమ్మెటతో పగలగొడుతున్నాడు. నన్ను చూసి "నమస్తే సార్" అని, మళ్లీ సమ్మెట ఎత్తాడు. తిట్టినా బాగుండేది.