అంచు చూసిన గ్లాసులు

మా ఆడపడుచు మెర్సీ చేసే గ్లాసులు ముచ్చటగా ఉంటాయి గానీ, అవి తయారయ్యే గదిలోకి వెళ్తే ముక్కు మూసుకోవాలి. మామూలు స్టీలు గ్లాసుని గరుకు కాగితంతో రుద్ది, రంగు వేసి, తళుకుపొడి చల్లి, అడిగినవాళ్ళ పేర్లు రాసి, పైన గాజులా గట్టిపడే రెజిన్ అనే జిగురు పూస్తుంది. పూత ఒక పక్కకి జారకుండా, చిన్న మోటారుకి తగిలించిన గ్లాసు ఆరేదాకా మెల్లగా తిరుగుతూ ఉంటుంది. ఆ రెజిన్ కంపుకి నాకు అన్నం సహించేది కాదు.

మొదట మా చర్చిలో సండేస్కూలు పిల్లలకి బహుమతులుగా చేసింది. తరువాత ఓణీల ఫంక్షన్లకీ పుట్టినరోజులకీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అడగడం మొదలెట్టారు.

దానికో పిచ్చి ఉంది. నోరు పెట్టే అంచుకి పూత తగలకుండా టేపు చుడుతుంది. అంతా ఆరాక టేపు పీకి, కడిగి, ప్రతి గ్లాసులోనూ ఇన్ని నీళ్ళు పోసుకుని, అంచుకి పెదవి ఆనించి కరిచి తాగుతుంది. మళ్ళీ కడిగి పెట్టెలో సర్దుతుంది.

"ఏలెట్టి సూస్తే సాల్దేటే?" అని విసుక్కునేదాన్ని.

"ఏలికి తెలీదొదినా. పెదివికే తెలుస్తాది."

మా అత్త దానమ్మ బతుకంతా పరాయి పొలాల్లో నాట్లు వేసింది. దాహమని ఏ రైతు గుమ్మం ముందు నిలబడినా మా పేటవాళ్ళకి గ్లాసు ఇచ్చేవారు కాదు. దోసిలి పడితే ఎత్తునుంచి పోసేవారు. సగం మోచేతుల మీదుగా కారిపోయేవి. పక్కన నిలబడి అదంతా చూసిన పిల్ల మెర్సీ. అంచు మీద దానికంత పట్టింపు అందుకేనని నా అనుమానం. తను మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

మొన్న భోగాపురం దగ్గరనుంచి పద్మకుమారి అనే ఆవిడ గృహప్రవేశానికి గ్లాసులు కావాలంది. విమానాశ్రయం పుణ్యమా అని భూముల ధరలు పెరిగి మేడ కట్టినవాళ్ళు. గ్లాసు మీద భార్యాభర్తల పేర్లూ, చుట్టూ మామిడాకులూ ఉండాలట. నచ్చితే వాళ్ళ చుట్టాల పెళ్ళిళ్ళన్నిటికీ మెర్సీతోనే చేయిస్తానంది. ఫోనులో "మెర్సీగారూ, మెర్సీగారూ" అని ఒకటే గారాలు. ఆ పెళ్ళిళ్ళు దొరికితే విజయనగరంలో చిన్న కొట్టు పెట్టుకోవచ్చని ఇది కలలు కనడం మొదలెట్టింది.

ఇద్దరం ఆటోలో పెట్టెలు పట్టుకెళ్ళాం. పద్మకుమారి ఒక గ్లాసు తీసి తిప్పి తిప్పి చూసి మురిసిపోయింది. సోఫాల్లో చుట్టాలు నలుగురైదుగురు ఉన్నారు.

"ఎంత బాగున్నాదో. ఇంతకీ మీదే పేట?" అంది.

మెర్సీ చెప్పింది. ఆవిడ నవ్వు పోలేదు. గారు మాత్రం పోయింది.

"ఒసే మరిడమ్మా, మనోళ్ళకి ఈ కొత్త గలాసుల్లో టీ పొయ్యి. ఆలిద్దరికీ పేపరు గలాసుల్లో పోసియ్యి" అని వంటింట్లోకి కేకేసింది. మా వైపు తిరిగి, "తాగీసి బయట పారెయ్యండే. మీరు కడగక్కర్లేదు" అంది, పెద్ద ఉపకారం చేసినట్టు.

ఆ మాటకంటే రెజిన్ కంపు నయం. ఆ గ్లాసుల మీద పేర్లు దిద్దిన చేతికి, ఆ గ్లాసు పట్టుకునే యోగ్యత లేదట. ఛీ, ఏం బతుకులు ఇవి.

మరిడమ్మ అందరికీ టీలు తెచ్చి ఇచ్చింది. సోఫాలో పెద్దావిడ ఒకామె గ్లాసు నోటి దాకా తెచ్చింది.

"అంచు బాగున్నాదేటమ్మా?" అని అడిగింది మెర్సీ, కొట్టులో బేరం అడిగినంత మామూలుగా. "గరుకు తగలదులెండి. అన్నిట్లోనూ నేను నీలు తాగి సూసే తెచ్చినాను."

పెద్దావిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"తాగినావా? కరిసా?" అంది పద్మకుమారి.

"కరిసే. ఎత్తి పోసుకుంటే అంచేం తెలుస్తాది? మల్లీ కడిగినాం లెండి, మా పేట బోరు నీలతోనే."

ఒక్కొక్కరూ గ్లాసులు కింద పెట్టేశారు. మెర్సీ పెట్టెలోంచి ఒక గ్లాసు తీసుకుని, తన పేపరు గ్లాసులో టీ అందులోకి ఒంపుకుని, వాళ్ళ ఎదురుగానే నిలబడి చివరి గుక్క దాకా తాగింది. నాకు తెలుసు, విజయనగరం కొట్టు ఆ గుక్కలతోనే పోయింది.

"ఇయ్యి ఉంచుకుంటారా, పట్టుకుపోమంటారా?" అని అడిగింది.

పద్మకుమారి పెట్టె మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసింది. ఉంచుకుంటే ఆ గ్లాసులు నోటికి పెట్టుకోలేరు. ఇచ్చేస్తే, మొగుడూ పెళ్ళాల పేర్లున్న గ్లాసులు మా పేటలో ఇంటింటా అందరూ కరిచి తాగుతారు.