గంటసేపు ఉద్యోగి

మా తమ్ముడి కొడుకు శ్రవణ్‌కు ఇరవై ఏడేళ్లు. బీటెక్ చదివాడు. నేను ఊరి బడిలో ఏడో తరగతితో ఆపేసినవాణ్ణి. పద్దెనిమిదేళ్లకు సిరిసిల్ల నుంచి వచ్చి పంజగుట్టలో కత్తెర పట్టాను. నలభై నాలుగేళ్లయింది, ఇంకా కింద పెట్టలేదు. ముగ్గురు జడ్జీలకు కోట్లు కుట్టాను. మనిషి మెట్లెక్కుతుండగానే భుజం కొలత చెప్పగలను. యూసుఫ్‌గూడలో రెండంతస్తుల ఇల్లు కట్టాను. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు, వాడికీ నాకూ తేడా తెలియాలని.

నాలుగేళ్లుగా వాడు మా పైగదిలో ఉంటున్నాడు. రోజూ మైత్రీవనం కోచింగ్ సెంటర్లకు వెళ్తాడు. ముందు జావా నేర్చుకున్నాడు, తరువాత టెస్టింగ్, ఆపైన క్లౌడ్, ఇప్పుడు ఏఐ. ఒకటి పూర్తయ్యేసరికి దానికి గిరాకీ పోయిందంటాడు. ఊళ్లో మా తమ్ముడు మరమగ్గాల మోతకు చెవులు పోగొట్టుకుంటుంటే, ఇక్కడ వీడు గోడకు చార్టు అంటించి మూడు గీతలు గీశాడు. పచ్చగీత దేశంలో నిరుద్యోగం, నీలిగీత రాష్ట్రానిది, ఎర్రగీత పట్నం కుర్రవాళ్లది. నెలనెలా పేపరు చూసి వాటిని పొడిగించడమే వాడు క్రమం తప్పకుండా చేసే పని.

“దేశం గీత కన్న మన రాష్ట్రం గీత మీదుంది పెద్దబాపూ. పట్నం పోరగాండ్లది ఇంకా మీదుంది. గిది నా ఒక్కని తప్పు ఎట్లయితది?”

“మస్తు గీస్తున్నవ్‌రా! గదే చేత్తోని నాలుగు గుండీలు కుట్టు,” అన్నాను.

“అన్నం తిననియ్యిగని పోరన్ని,” అని నా భార్య కాంతవ్వ నన్నే కసిరింది.

మొన్న మంగళవారం పొద్దున ఉద్యోగాల సర్వే అంటూ రవళి అనే కోస్తా అమ్మాయి టాబ్లెట్ పట్టుకుని వచ్చింది. శ్రవణ్ తల దువ్వి, చొక్కా టక్ చేసి, లావుపాటి ఫైలుతో పరుగున దిగాడు. ఇంటర్వ్యూలకైనా అంత హుషారుగా పోగా నేను చూడలేదు.

“ఇయ్యాల నేను సుత లెక్కకెక్కాలె పెద్దబాపూ. నాలుగేండ్ల సంది నిరుద్యోగినే, ఎవ్వలు రాసుకోలే,” అన్నాడు. మనిషి కోరుకోవలసిన పదవేనా అది?

“గత ఏడు రోజుల్లో కనీసం ఒక గంట ఏదైనా పని చేశారా అండీ? జీతానికైనా, ఇంటివాళ్ల వ్యాపారంలోనైనా?” అని అడిగింది రవళి.

“లేదు మేడం.”

పరాయి మనిషి ముందు మా ఇంటివాడు ఖాళీ అనిపించుకుంటాడా? నాకు ఒళ్లు మండింది. “లేదంటవేందిరా? శనివారం నా దుకాణంల కూసోని రెండు గంటలు గుండీలు కుట్టలే?”

“గది పనా? ఒక్కటి సక్కగ లేదని అన్నీ ఇప్పి నువ్వే మల్ల కుడితివి!”

మాట నిజమే. దారం చుట్టడం కూడా రాని చెయ్యి వాడిది. అయినా ఆ అమ్మాయి టాబ్లెట్ మీద వేలు నొక్కేసింది. “ఎలా కుట్టినా ఫరవాలేదండీ, గంట దాటింది కదా. జీతం లేకుండా ఇంటి వ్యాపారంలో సాయం. మీకు ఉపాధి ఉన్నట్టే.”

“అయ్యో మేడం! జర ఈ ఫైల్ చూడుండ్రి. మూడొందల కంపెనీలకు పెట్టిన అప్లికేషన్లు.”

“ఉద్యోగం వెతుకుతున్నారా అనే ప్రశ్న పని లేనివాళ్లకేనండీ. మీకు అది రాదు.”

వాడి ముఖం పాలిపోయింది. నాకు ఆ అమ్మాయి మీదా చిరాకేసింది. “వేలు కొలిచి కోటు కుడతరా బిడ్డా? గసుంటి టేపు నా దుకాణంల ఉంటే ఎప్పుడో పారేసేటోన్ని.”

“రూల్ అంకుల్ గారూ, నేనేం చేయను? వచ్చే నెల మళ్లీ వస్తాం,” అంటూ పక్కింటికి వెళ్లిపోయింది.

అంతే, వచ్చే నెలైనా నిరుద్యోగిగా లెక్కకెక్కుతానని శ్రవణ్‌కు ఆశ పుట్టింది. ఆ రోజు నుంచి నా దుకాణం గడప తొక్కడం లేదు. దారపు ఉండ అందివ్వమన్నా చేతులు వెనక్కి పెట్టుకుంటున్నాడు. నిరుద్యోగాన్ని ఇంత శ్రద్ధగా చేసేవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

నిన్న ఏదో ఇంటర్వ్యూ ఉందని బయల్దేరాడు. చొక్కా మెడ దగ్గర గుండీ లేదు, పిన్నీసు పెట్టుకున్నాడు. దర్జీ ఇంట్లోంచి ఆ వేషంతో పోతే నా పరువేం కాను?

“సూది ఇస్త, గదొక్కటన్న కుట్టుకోరా.”

“వద్దు పెద్దబాపూ,” అన్నాడు చెప్పులు వేసుకుంటూ. “నా చేతికి గంట పడతది. మల్ల పనున్నోడనే రాసుకుంటరు.”