బలపం ప్రశ్న

నా హ్యాండ్‌బ్యాగు లోపలి జేబులో ఎప్పుడూ ఒక బలపం ముక్క ఉండేది. రాయడానికి కాదు, తినడానికి. బడి వదిలి ఇన్నేళ్లయినా ఆ అలవాటు వదల్లేదు. ఇంట్లో ఎవరికీ తెలియదు. డైరీలో కూడా రాసుకోలేదు.

కడపలో జనం రక్తంలో సీసం ఎంత ఉందో కొలిచే సర్వేలో చేరాను. ఇంటింటికీ పోయి రక్తం తీయడం, ఫారం నింపడం నా పని. ‘మట్టి, బలపాలు, గోడ పెళ్లలు తినే అలవాటు ఉందా?’ అనే ప్రశ్న దగ్గర నా నోరు పెగిలేది కాదు. అడిగితే నా మొహంలోనే కనిపెట్టేస్తారని భయం. అడక్కుండానే ‘లేదు’ అని టిక్కు పెట్టేదాన్ని.

అలా టిక్కు పెట్టిన వాళ్లలో ఒకామె ఐదు నెలల గర్భిణి. ఆమె రక్తంలో సీసం బాగా ఎక్కువ వచ్చింది. అది బిడ్డకూ చేరుతుందని మా డాక్టరమ్మ కంగారుపడి, ఫారం ముందేసుకుని కారణం వెతికింది. ఇంట్లో బ్యాటరీల పని లేదు, రంగుల పని లేదు, మట్టి తినడం లేదు. చివరికి, కళాయిలో సీసం కలుపుతారని, వాళ్లు వండుకునే కళాయి పూసిన ఇత్తడి గిన్నె మీద అనుమానం పడింది. ఆ మాట చెప్పడానికి నన్నే పంపింది.

ఆ గర్భిణి అత్త గిన్నెను ఒళ్లోకి తీసుకుంది. “ముప్పై ఏండ్లు దీంట్లోనే వండితిని. నా కొడుకు ఈ కూడు తినే ఇంత పొడుగైనాడు. ఇప్పుడు నేను విషం పెడ్తాండానా మేడం?”

కొడుకు గిన్నెను తీసుకుని అటక మీద పెట్టేశాడు.

నెల తర్వాత మళ్లీ రక్తం తీశాం. సీసం ఇంకా పెరిగింది.

కోడలు ఒక్కతే ఉన్నప్పుడు చూసి పోయాను. బ్యాగులోంచి బలపం తీసి చూపించాను. “అక్కా, నేను తింటాను. నువ్వు?”

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “నీ పాడుగాను! సూదులు పొడిచే మేడం కూడా తింటాదా!”

బియ్యం డ్రమ్ము పక్కకు జరిపింది. వెనక గోడకు రెండు జానల మేర పాత ఆకుపచ్చ రంగు పెళ్లలు లేచిపోయి ఉన్నాయి.

“వాన పడినట్టు వాసనొస్తాది. ఆపుకోలేకపోతాండా. ఎవురన్నా అడిగింటే చెప్పేదాన్నే. మా అత్తకు మాత్రం చెప్పాకు, నీకు దండం పెడతా.”

చెప్పనని మాట ఇచ్చాను. డాక్టరమ్మకు మాత్రం అంతా చెప్పాను, నా బలపంతో సహా. ఆమె కోడలిని పిలిపించి, పాత రంగులో సీసం ఉంటుందని చెప్పి ఆ పెళ్లలు మాన్పించింది. నన్ను పాత ఫారాలన్నీ పట్టుకుని మళ్లీ ఇంటింటికీ పొమ్మంది.

మూడోసారి తీసిన రక్తంలో సీసం తగ్గింది. ఆ సంగతి చెప్పగానే అత్త తలెత్తి అటక వైపు చూసింది.

“అయితే నా గిన్నెదేనా మేడం, పాపం?”

కోడలు నన్నే చూస్తోంది. నేను తల దించుకుని ఫారంలో తేదీ రాస్తూ ఉండిపోయాను.