ఓడ లేని రేవు

పోయిన శుక్రవారం నాగాయలంక నుంచి చర్చి అయ్యగారి కార్డు వచ్చింది. మా డ్రాయింగు టీచరుగారు కామెర్లతో పోయారని, సమాధి కూడా అయిపోయిందని రాశారు. మా స్కూల్లో కార్డు చదివినవాళ్లంతా "పాపం" అన్నారు. పెళ్లి లేదు, నిలకడైన ఉద్యోగం లేదు, చివరికి ఏ మూలనో పోయింది, పాపం అని. ఆ మాట నేను ఒప్పుకోను. ఎందుకో మీకు చెబుతాను.

నేను బందరు ఆడపిల్లల స్కూల్లో తెలుగు చెప్పడానికి చేరిన ఏడాదే ఆవిడా చేరారు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. అక్కయ్యగారూ అనేదాన్ని. సెలవు రోజు పొద్దున్నే ఇద్దరం రేవుకి నడిచేవాళ్లం. ఆడది రేవులో నిలబడి బొమ్మలు వేయడమేమిటని ఊరు నవ్వింది. ఆవిడ కొంగు బొడ్లో దోపుకుని, గాలికి కదలకుండా కాన్వాసుని గుంజకి తాడుతో కట్టి పని మొదలుపెట్టేవారు.

నూనె రంగులు నాలుగే వాడేవారు. తెలుపు, పసుపు, ఎర్ర కావి, నీలం. నలుపు ఇంట్లోకి రానివ్వలేదు. "నీడ నల్లగా ఉంటుందని ఎవరు చెప్పారు చెల్లీ? ఆ పడవ కింద చూడు" అనేవారు. చూస్తే నిజమే, నీళ్లలో ఊదా, ఇటికరంగు కలిసి కదిలేవి. దగ్గరికెళ్తే ఆవిడ బొమ్మలో మచ్చలు తప్ప ఏమీ కనబడవు. పదడుగులు వెనక్కొస్తే తెరచాపలు, బురదనీళ్లు, గంపలు దించే ఆడవాళ్లు.

ఒక ఏడాది వార్షికోత్సవానికి పెద్ద అధికారి వస్తున్నారు, హాల్లో పెట్టడానికి బందరు రేవు బొమ్మ కావాలన్నారు కమిటీ సెక్రటరీగారు. అక్కయ్యగారు మూడు వారాలు కష్టపడి వేశారు. సెక్రటరీగారు చూడ్డానికొచ్చి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇదేమిటండీ, అలికినట్టుంది?"

"పొద్దున్న ఏడింటికి రేవు అలాగే ఉంటుందండీ."

"పోనీ గట్టున ఒక పెద్ద ఓడ వేయండి. గొప్పగా ఉంటుంది."

"మన గట్టుకి ఓడ రాదండీ. లోతు చాలక అల్లంత దూరానే ఆగిపోతుంది. సరుకు తెచ్చేది ఈ పడవలే."

"బొమ్మే కదండీ, వేస్తే వస్తుంది. మిమ్మల్ని పర్మనెంటు చేసే కాగితం నా బల్ల మీదే ఉంది, ఆలోచించుకోండి."

ఆయన వెళ్లాక నేనే బతిమాలాను. "ఒక్క ఓడే కదా అక్కయ్యగారూ, పోయేదేముంది?"

ఆవిడ కుంచెలు తుడుస్తూ, "రేవు పోతుంది" అన్నారు.

వార్షికోత్సవం రోజు హాల్లో బొమ్మ పెట్టాల్సిన గోడ ఖాళీగా ఉంది. అక్కడ పిల్లల చేత స్వాగతగీతం పాడించింది నేనే, ఆ సంగతి దాచను. అక్కయ్యగారు ఆ బొమ్మని రేవుకి తీసుకెళ్లి చేపలు అమ్మే పాకలో తగిలించారు. సాయంత్రం నేను వెళ్లేసరికి జనం మూగి ఉన్నారు. ఒక ముసలమ్మ చాలాసేపు చూసి, ఒక మచ్చ మీద వేలు పెట్టి, "ఇది మావోడి పడవే. ఎడంపక్కకి ఒరుగుద్ది" అంది. అక్కయ్యగారు అంత హాయిగా నవ్వడం అంతకుముందు నేను చూడలేదు.

జూన్‌లో ఆవిడని తీసేశారు. క్షమాపణ రాసిస్తే ఉంచుతామని కబురొచ్చింది. "నా తప్పేమిటో ముందు వాళ్లని రాసిమ్మనండి" అన్నారు. నాగాయలంకలో ఒక చిన్న మిషన్ స్కూల్లో చేరి తొమ్మిదేళ్లు పిల్లలకి నేర్పారు. అక్కడి పిల్లలు ఏటిని నీలంగా వేయరు. కిటికీలోంచి చూసి, ఆ పూట ఏ రంగులో ఉంటే ఆ రంగే వేస్తారు.

ఆదివారం బస్సెక్కి వెళ్లాను. అయ్యగారు ఆవిడ గది తాళం తీశారు. కిటికీ దగ్గర స్టాండు మీద ఒక బొమ్మ. ఎదురుగాలిలో నాలుగు పడవలు సముద్రం వైపు వెళ్తున్నాయి. ముందు పడవ మొన దగ్గర నీళ్లు చీలిన చోట తెలుపు మందంగా పెట్టారు. వేలితో తాకాను. ఆవిడ పోయి పది రోజులైంది. రంగు ఇంకా ఆరలేదు.