నేను సరిచేసిన వేలు

పోయిన మంగళవారం పొద్దున్నే రేపల్లె ఆసుపత్రి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అమ్మ వెళ్లిపోయింది అన్నయ్యా" అన్నాడు. వాళ్లమ్మ మా అమ్మకు చెల్లెలు, నాకు పిన్ని. బాపట్ల కూడలిలో చేటతో ధాన్యం తూర్పారబడుతున్న పన్నెండడుగుల కంచు విగ్రహాన్ని మీలో కొందరు చూసే ఉంటారు. దాన్ని చేసింది నేను. అందుకోసం చేట పట్టుకుని నా ముందు నిలబడింది పిన్ని.

వాళ్లది రేపల్లె దగ్గర నగరం అనే ఊరు. విగ్రహం మొదలుపెట్టిన ఏడాది కోతలయ్యాక తెనాలి వచ్చి నెలరోజులు మా ఇంట్లోనే ఉంది. టిఫిన్ కాగానే నేను బొమ్మలు చేసే షెడ్డులోకొచ్చి, చెంగు దోపి చేట ఎత్తేది. "ఊరికే నిలబడ్డమేంట్రా, కాసిని వడ్లన్నా పొయ్యి, పనైనా అవుద్ది" అని నవ్వేది. మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి కంచుకు ముందు చేసే మట్టి బొమ్మ మీద తనే తడిగోనె కప్పి ఉంచేది.

"మట్టికి దాహమేస్తే నోరు తెరిచి అడుగుద్దా? మనమే చూసుకోవాలి" అనేది. నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకు ఇప్పటికీ ఆ మాటే చెబుతుంటాను.

పెళ్లయిన కొత్తలో కొడవలి కోసుకుని, పిన్ని ఎడమ చిటికెనవేలు లోపలికి వంగిపోయింది. చేట పట్టుకుంటే ఆ వేలొక్కటీ అంచుకు ఆనేది కాదు. మట్టిలో దాన్ని తిన్నగా చేశాను. అలా అయితే అందంగా ఉంటుందనుకున్నాను. ఆమెను ఒక్కమాటయినా అడగలేదు.

ముసుగు తీసిన రోజు, ఉపన్యాసాలయ్యి జనం పలచబడ్డాక, పిన్ని విగ్రహం దగ్గరికెళ్లి తలెత్తి చాలాసేపు చూసింది.

"బానే ఉందిరా. ఎవరావిడ?" అంది.

వేళాకోళమనుకుని నవ్వేశాను.

తర్వాత అదే బొమ్మను మూడడుగుల ఎత్తున పోతపోసి ఇమ్మని రెండు మ్యూజియాలు అడిగాయి, అందులో ఒకటి హైదరాబాదుది. కంచు పోసేముందు మైనంతో బొమ్మ తీస్తాం. అప్పుడు వేలు వంచడం ఎంతసేపు? వేడి చాకు ఉంటే ఐదు నిమిషాలు. రెండుసార్లూ ఆ వేలి దగ్గర నా చెయ్యి ఆగింది. బాపట్లలో ఉన్నదానికీ దీనికీ తేడా వస్తుందని రెండుసార్లూ వదిలేశాను.

దహనమయ్యాక ఇంటికొచ్చి కూర్చున్నప్పుడు తమ్ముడు చెప్పాడు. "కంటి ఆపరేషన్‌కి హైదరాబాదు తీసుకెళ్లినప్పుడు, నీ బొమ్మ చూడాలని పట్టుబట్టింది అన్నయ్యా. మ్యూజియంలో కనపడ్డవాళ్లందరికీ 'మా అక్క కొడుకు చేశాడండి' అని ఒకటే చెప్పడం."

"తనని చూసే చేశానని చెప్పలేదా?"

"నేను చెప్పబోతే ఆపేసింది. 'నేను కాదులేరా, ఆవిడ చెయ్యి చూడు ఎంత బాగుందో' అంది."

ఆ రోజు తీసిన ఫొటో ఫోన్లో వెతికి నా చేతికిచ్చాడు. కంచు బొమ్మ పక్కన పిన్ని నిలబడి ఉంది. కొత్త చీర కట్టుకుంది. కెమెరా వైపు చూసి నవ్వుతోంది. ఎడమ చెయ్యి మాత్రం పమిట కింద దాచుకుంది.