రంజాన్ బీ జాకెట్టు లోపలి కుట్లు

యాడికి ఊళ్లో ఏ ఆడమనిషి ఎప్పుడు లావయిందో, ఎప్పుడు చిక్కిపోయిందో చెప్పగలిగినది ఒక్క రంజాన్ బీయే. ఇరవై ఆరేళ్లుగా జాకెట్లు కుడుతోంది. కొలతల పుస్తకాలు పన్నెండు నిండాయి. ఈ నేల మీద వాన మాట తప్పుతుంది గానీ ఆమె టేపు తప్పదు.

అలాంటి మనిషికి ఏడాదిగా తన ఒళ్లే అంతుబట్టడం లేదు. తినేది ఒక్క జొన్నరొట్టె, ఒళ్లేమో ఊరుతోంది. గొంతు బొంగురుపోయింది. దువ్వెన నిండా జుట్టే. ఎండకు కాకులు నోళ్లు తెరుచుకుని కూర్చునే ఏప్రిల్‌లో ఆమె ఫ్యాను ఆపమంటుంది. మిషను తొక్కాలంటే కాళ్లు మొరాయిస్తున్నాయి. పెళ్లి జాకెట్లు పెళ్లయిపోయాక అందుతున్నాయి. "కూచోని తింటే ఒళ్లు రాక ఏమొస్తాది?" అని మొగుడు హుస్సేన్ బాషా తేల్చేశాడు. ఆయన వైద్యం చదవలేదు, అందుకే అంత ధైర్యం.

అప్పుడే బెంగళూరు నుంచి చంద్రమోహన్ అనే ఇంజనీరు దిగాడు. కృత్రిమ మేధతో ఆడవాళ్లలో థైరాయిడ్ జబ్బు కనిపెడతాడట. గుట్టలుగా వివరాలు పోస్తే ఎవరికి జబ్బుందో కంప్యూటరే చెబుతుందట. తీరా చూస్తే పోయడానికి వివరాలే లేవు. ఇక్కడి ఆడవాళ్లు రక్తపరీక్ష చేయించుకునేది కాన్పులప్పుడే. ఆశా కార్యకర్త సుంకమ్మ జాలిపడి అతన్ని రంజాన్ బీ దగ్గరికి తీసుకొచ్చింది. ఒళ్లు ఉన్నట్టుండి పెరిగినా తరిగినా థైరాయిడ్ కావచ్చు, అది జాకెట్టు కొలతల్లో తెలిసిపోతుంది కదా! చంద్రమోహన్ మొహం వెలిగిపోయింది.

"పుస్తకాలు తీస్కో నాయనా," అంది రంజాన్ బీ. "నాకేమయిందో కూడా ఆ కంప్యూటర్‌ను అడిగి చెప్పు. నేను అడిగేది అంతే."

"తప్పకుండా అమ్మా," అన్నాడు. మాటే కదా, ఇచ్చేశాడు.

నెల తర్వాత పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేసి, కంప్యూటర్ జబ్బుందన్న ముప్పై ఎనిమిది పేర్లు మైకులో చదివాడు. రంజాన్ బీ శాలువా కప్పుకుని ముందు వరసలో కూర్చుంది. మొదటి పేరు మల్లీశ్వరి. ఐదు నెలల్లో ఆమె నడుము ఏడంగుళాలు పెరిగిందని కంప్యూటర్ హడలిపోయిందట. ఆ మైకు చప్పుడుకు మల్లీశ్వరి ఒళ్లోని కవలలు లేచి ఏడ్చారు. రెండో పేరు "ఓబుళేసు ఇల్లు". ఆ మనిషి ఒకే వారంలో ఎనిమిదంగుళాలు చిక్కి మళ్లీ ఊరుతోందని, ఇంత తీవ్రమైన కేసు తాము చూడలేదని చెప్పాడు. రంజాన్ బీ ఇంటికొక పేజీ రాసుకుంటుంది. అత్త కొలతా కోడలి కొలతా అందులోనే. అత్తాకోడళ్లను ఒకే ఒంట్లో ఇమిడ్చిన ఘనత ఆ కంప్యూటర్‌కే దక్కింది.

ముప్పై ఎనిమిదీ అయిపోయాయి. రంజాన్ బీ పేరు రాలేదు.

"నా పేరేదప్పా?"

చంద్రమోహన్ వెతికాడు. "మీ కొలతలు పుస్తకంలో లేవమ్మా. డేటా లేకపోతే మీరు మాకు లేనట్టే."

నిజమే, తన జాకెట్టు కొలత తను రాసుకుంటుందా? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఆమెకు ఏడుపొచ్చింది, అంతకు మించి ఒళ్లు మండింది. కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వెళ్లి, ఒక పాత జాకెట్టు తెచ్చి, లోపలివైపు తిప్పి బల్ల మీద పరిచింది. పక్క కుట్టు విప్పి వదులు చేసిన ప్రతిసారీ మిగిలిన సూది గుర్తులు, నాలుగు వరసలు.

"ఏడాదిలో నాలుగు తూర్లు విప్పినా. ఇదిగో నా లెక్క, ఎక్కించుకో."

"బట్టను కంప్యూటర్ తీసుకోదమ్మా."

సుంకమ్మ ఆ గుర్తులను వేలితో తడిమింది. "ఇన్నేండ్లు నీతో కుట్టించుకుంటి గానీ నిన్ను చూడకపోతినే అక్కా," అంది. మరునాడే తాడిపత్రి ఆసుపత్రికి బస్సెక్కించింది. రక్తపరీక్షలో ఐదు లోపు ఉండాల్సిన థైరాయిడ్ అంకె తొంభై దాటింది. రోజూ పరగడుపున వేసుకోమని డాక్టరు చిన్న మాత్ర రాశాడు. హుస్సేన్ బాషా ఆ కాగితం రెండుసార్లు చూసి, ఎవరూ చెప్పకుండానే లేచి ఫ్యాను ఆపాడు.

ఐదు నెలలకు చంద్రమోహన్ మళ్లీ వచ్చాడు. అతని పరిశోధనకు ఏదో బహుమతి వస్తోందట. ఆ ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరికీ జబ్బు తేలకపోవడమే చిన్న చిక్కు.

"మీ రిపోర్టు ఇవ్వండమ్మా, మా కంప్యూటరే కనిపెట్టిందని రాసుకుంటాం."

రంజాన్ బీ మిషను తొక్కడం ఆపలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. పక్కనున్న పెట్టెలోంచి ఆ పాత జాకెట్టు తీసి అతని చేతిలో పెట్టింది.

"మందు తిన్నాంక ఇది నాకు లూజైపాయ," అంది. "తీస్కపోయి మీ కంప్యూటర్‌కు తొడుగు. సరిపోకుంటే తీస్కరా, కుట్టు బిగిస్తా."